ఎర్రకారు మీటర్లో వెలగని లైటు

ఆ రోజు పొద్దున వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లడానికి వెంకటవ్వ కారు చుట్టూ తిరగాల్సి వచ్చింది. కొడుకు ధనుంజయ్ హైదరాబాద్‌లో ఎవరో వాడిన స్పోర్ట్స్ కారు కొని తెచ్చి పది రోజులైంది. నేలకు జానెడెత్తున, ఎర్రగా, రెండే సీట్లతో ఉన్న అలాంటి బండిని ఎడపల్లిలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. గుంతల్లో పొట్ట తగులుతుందని చేను దారిలోకి దాన్ని తీసుకుపోనే లేదు. రాత్రి పడ్డ వాన చినుకులు ఇంకా దాని మీద మెరుస్తున్నాయి.

ఆ రోజు బాల్కొండలో ధనుంజయ్ పెళ్లి మాటలు ఖాయం చేసుకోవాలి. తొమ్మిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చిన కొడుకు తల్లిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పిల్ల తరపువాళ్ల ఇంటి ముందు దిగాలనుకున్నాడు. తండ్రి లింబయ్య, చెల్లెలు నిరోష బస్సులో వెనక వస్తారు. వారం నుంచీ ఇంట్లో ఇదే మాట.

నిరోష స్నానం చేసి, పాత చుడీదార్ వేసుకుని బయటికి వచ్చింది. చేతిలో పని సంచి ఉంది. ఆమె నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదివి, మూడేళ్లుగా అక్కడే ఒక కార్ల వర్క్‌షాపులో పనిచేస్తోంది. కార్ల కంప్యూటర్లకు స్కానర్ తగిలించి ఎక్కడ తప్పుందో పట్టుకోవడం, పట్టుకున్నాక కిందికి దూరి బాగుచేయడం ఆమె పని. బంధువులకు మాత్రం షోరూం ఆఫీసులో ఉద్యోగమని చెప్పారు. బాల్కొండ వాళ్లకూ అదే చెప్పారు.

"అన్నా, ఒక్కసారి తాళం తిప్పు. స్టార్ట్ చెయ్యకు," అంది.

"పొద్దుపొద్దుగాల్నే ఏందే? మా దోస్తు షాపుల సూపిచ్చిన అని చెప్పిన గదా," అన్నాడు ధనుంజయ్ అద్దం తుడుస్తూ.

"నన్ను గూడ సూడనియ్యి."

విసుక్కుంటూనే కూర్చుని తాళం తిప్పాడు. మీటర్లో లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. ఏ కారుకైనా అంతే. హెచ్చరిక లైట్లన్నీ కాసేపు వెలిగి, లోపల అంతా బాగుంటే ఆరిపోతాయి. ఇంజన్ స్టార్ట్ చేయించి చూసింది. రెండు మాత్రం ఆరలేదు, బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ అక్షరాలూ, జారుతున్న కారు బొమ్మా. ఆ రెండింటి సంగతి వారం నుంచీ ఇంట్లో అందరికీ తెలుసు. నిరోష వెతికింది ఇంకోదాన్ని. కూర్చున్న మనిషి ముందు గుండ్రటి సంచీ ఉన్న ఎర్ర బొమ్మ. గుద్దుకుంటే ఉబ్బి మనిషిని కాపాడే సంచీ, ఎయిర్‌బ్యాగ్ లైటు. మళ్లీ ఆపించి, మళ్లీ తిప్పించింది. మూడుసార్లు చూసినా అది వెలగలేదు.

"గది వెలుగుతనే లేదన్నా."

"వెలగకుంటే మంచిదే గదనే."

"కాదు. మొదాల వెలగాలె, తర్వాత ఆరాలె. మొత్తానికే వెలగకుంటే దాన్నెవడో కావాల్నని ఆపిండన్నట్టు."

స్టీరింగ్ కింద వైరు తగిలించి స్కానర్ చూసింది. వెనక ఎడమ చక్రం సెన్సార్ నుంచి సిగ్నల్ లేదని వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ పెట్టె నుంచి అయితే జవాబే లేదు. జాకీ పెట్టి బండిని లేపి, చక్రం వెనక టార్చి వేసి చూసింది. సెన్సార్ వైరు తెగిపోయి ఉంది. దాని మీద ఎవరో టేపు చుట్టి వదిలేశారు.

అప్పటికి ఎదురింటి వసంతమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. వెంకటవ్వ కొంగు సవరించుకుని కూతురి దగ్గరికి వంగింది. "లే బిడ్డా. ఇయ్యాల్టి రోజు గివన్ని ఎందుకు? అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి అవ్వా."

ధనుంజయ్ గొంతు తగ్గించాడు. "నిరోషా, ఒక పని జెయ్యి. నీ మిషన్ల లైట్లు చెరిపేసేది ఉంటది గదా. బాల్కొండ పోయొచ్చేదాక చెరిపెయ్యి. గాళ్ల ముంగట మీటర్ల గట్ల పసుపచ్చ లైట్లు వెలుగుతుంటే ఇజ్జత్ పోతది."

"చెరిపేస్తే నాలుగడుగులు పోంగనే మళ్ల వస్తయి."

"రానియ్యి. గా నాలుగడుగుల కోసమే అడుగుతున్న."

"నేను చెయ్య."

ఆ మాట మెల్లగానే అంది. కానీ అంటూనే తాళం లాగి తన సంచిలో వేసుకుంది.

ధనుంజయ్ మొహం ఎర్రబడింది. "తాళమియ్యే. దుబాయిల గిసొంటి బండ్లు వందల్ల జూసిన. నువ్వు మూడేండ్ల నుంచి నట్లు విప్పుతున్నవని నాకు నేర్పుతవా? బాల్కొండోళ్లకు తెలిస్తే ఏమంటరు? ఆడివిల్ల బండ్ల కింద పండుకుంటదా అంటరు."

"అననియ్యి. నిన్న మా వర్క్‌షాపుకు ఒక బండొచ్చింది. తడి రోడ్డు మీద బ్రేకు కొడితే గిర్రున తిరిగి డివైడర్‌కు తాకిందట. ఏబీఎస్ పనిచెయ్యక గట్లైంది. లోపలున్న ఆమె బతికింది. ఎట్ల బతికిందో తెలుసా? సంచీ ఉబ్బింది గాబట్టి. నీ బండిల బ్రేకు నమ్మేటట్టు లేదు, సంచీ ఉన్నదో లేదో తెల్వది. ఆర్మూర్ దాటినంక పెద్ద రోడ్డు మీద అవ్వను పక్కన కూసోబెట్టుకుంట అంటున్నవ్. నేనుండంగ అవ్వ ఇందుల కూసోదు."

"ఉన్నదో లేదో తెల్వదంటవ్. మరి ఉన్నదేమో?"

నిరోష స్క్రూడ్రైవర్ తీసుకుని పక్క సీటు ముందున్న సామాన్లు పెట్టే అర తలుపు విప్పి తీసేసింది. తల లోపలికి వంచి టార్చి వేసింది.

"అన్నా, ఇటు రా. నువ్వే సూడు."

ధనుంజయ్ వంగి చూశాడు. సంచీ ఉండాల్సిన చోట పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. వాటి మీద వేసిన జిగురు ఎండి పసుపు రంగులోకి తిరిగింది. నిరోష ఒక గుడ్డ లాగింది. చిరిగిన బనియన్ ముక్క.

"బండి ఒకసారి గట్టిగ గుద్దుకున్నది. సంచీ ఉబ్బి పోయింది. కొత్తది పెట్టకుంట గుడ్డలు కుక్కిండ్రు, లైటు కనవడకుంట జేసిండ్రు. నీకు అమ్మినోనికి ఇదంత తెలుసు."

ధనుంజయ్ ఆ బనియన్ ముక్క పట్టుకుని బండి పక్కనే తడి నేల మీద కూలబడ్డాడు. కొత్త ప్యాంటుకు బురద అంటింది.

"నేను దుబాయిల ఆఫీసుల పనిజేసిన అని మీరందరికి చెప్పుకున్నరు గదా," అన్నాడు. "నేనే మీకు గట్ల చెప్పిన. కార్లు కడిగిన నేను. ఎండల, నేల కింద పార్కింగుల్ల, తొమ్మిదేండ్లు. గిసొంటియే. లోపలికెళ్లి సీట్లు తుడుస్తుంటే ఒక్క నిమిషం స్టీరింగు పట్టుకుంటే, సేటు తిట్టి బయటికి లాగిండు ఒకసారి. గానాడే అనుకున్న, నాదొకటి ఉండాలె, అవ్వను కూసోబెట్టాలె అని. గందుకే లైట్లు వెలుగుతున్నా కండ్లు మూసుకున్న."

వెంకటవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. కొడుకు కార్లు కడిగే పని చేశాడని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

నిరోష అన్న పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె కళ్లూ నిండాయి గానీ గొంతు తగ్గలేదు. "కార్లు కడిగితే తప్పేందన్నా? నేను కార్లు బాగుజేస్తున్న. నువ్వు నీది దాచుకున్నవ్, మీరందరు కలిసి నాది దాచిండ్రు. దొంగపని జేసిందేమో బండి అమ్మినోడు."

అరుగు మీద లింబయ్య అంతవరకూ ఇదంతా వింటూ కూర్చున్నాడు. ఆయన జేబులో ఫోను మోగింది. పిల్ల తండ్రి ఎర్రన్న. ఎంతవరకు వచ్చారని అడుగుతున్నాడు.

ధనుంజయ్ తలెత్తాడు. "బాపూ, పంచరైందని చెప్పు."

లింబయ్య కొడుకు వైపు చూశాడు. తర్వాత మోకాళ్ల వరకు బురదతో ఉన్న కూతురి వైపు చూశాడు. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని, ఎదురింటి దాకా వినబడేలా మాట్లాడాడు.

"బావా, ఇంకా ఇంట్లనే ఉన్నం. మా బిడ్డ కార్ల మెకానిక్కు. ఆఫీసు కాదు, మొన్న అబద్ధం జెప్పిన. పొద్దుగాల్నే బండి జూసి ఇందుల పోవద్దన్నది. పిలగాడు గూడ దుబాయిల కార్లు కడిగే పని జేసిండు. మాదంత కష్టం జేసుకునే కొంప. గిది విన్నంక గూడ రమ్మంటే బస్సెక్కుతం."

లింబయ్య "ఆఁ, ఆఁ" అన్నాడు, ఫోను జేబులో పెట్టి లేచాడు.

"ఏమన్నడు?" అంది వెంకటవ్వ.

"రమ్మన్నడు. వాళ్ల ట్రాక్టర్ గూడ నెల నుంచి మూలకు వడ్డదట. బిడ్డకు అది సూడొస్తదా అని అడిగిండు."

నిరోష ఏడుస్తూనే నవ్వేసింది. ధనుంజయ్ లేచి, గుడ్డ ముక్కను దూరంగా విసిరేసి, చెల్లెలికి చెయ్యి అందించాడు. బండి కింద నుంచి జాకీ తీయడానికి ఆమె వంగితే, చెప్పకుండానే టార్చి పట్టుకున్నాడు.

"సంచీలు కొత్తవి పెట్టేదాక నువ్వొక్కనివి గూడ నడపద్దు," అంది.

"నడప," అన్నాడు. "అమ్మినోన్ని మాత్రం ఇడిసిపెట్ట. రేపే పోతున్న హైదరాబాద్. నువ్వు గూడ రావాలె. నాకు చెప్పరాదు, నువ్వైతే వాని ముంగటే అన్ని విప్పి సూపెడ్తవ్."

నిజామాబాద్‌లో బస్సు మారి, నలుగురూ బాల్కొండ బస్సెక్కారు. కిటికీ పక్కన వెంకటవ్వ, ఆమె పక్కన నిరోష కూర్చున్నారు. ఆర్మూర్ దాటాక వెంకటవ్వ కూతురి చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు పోలేదు. నిరోష చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"దిగంగనే మళ్ల కడుక్కుంట అవ్వా. వాళ్లింటికి పోకముందే."

వెంకటవ్వ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉండనియ్యి," అంది.