అక్షరాలు తీసేసిన సినిమా

ఆదివారం పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెద్దమ్మాయి సినిమా చూస్తోంది. ఎక్కడో మంచుదేశపు సినిమా. మాట ఒక్కటీ అర్థం కాదు. కింద పరిగెత్తే తెలుగు అక్షరాలు చదువుకుంటూ, ఏ ముక్క ఎలా చెప్పాలో పెదాలు కదుపుతూ లోలోపల అప్పజెప్పుకుంటోంది. ఈలోగా పాలు పొంగి గట్టు మీదకి పారాయి.

"అక్కా, పాలు! నీ హీరో కొట్టుకుపోతున్నాడు!" తమ్ముడు వచ్చి స్టవ్ కట్టేశాడు.

"చూస్తూ నిలబడ్డావా ఇంతసేపూ?"

"నేను లేచిందే ఇప్పుడు. అయినా పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి అదే సినిమా! పరీక్షలకి కూడా నువ్వింత చదవలేదే."

"నీకెందుకురా? ఆ గుడ్డ ఇటివ్వు."

ఆదివారం మధ్యాహ్నం పరాయిభాష సినిమా చూడడం నాన్న పెట్టిన అలవాటు. "ఏ ఊరూ తిప్పలేకపోయాను, కూర్చున్నచోటే తిప్పనీ" అనేవారు అమ్మతో. నాన్న తర్వాత ఆ కుర్చీలో పెద్దమ్మాయి కూర్చుంది. అప్పటికి అమ్మ కళ్ళలో శుక్లాలు ముదిరాయి. మనుషులే మసకమసకగా కనిపిస్తుంటే ఇక అక్షరాలేం కనిపిస్తాయి? పెద్దమ్మాయి వాటిని పైకి చదివేది. పోనుపోను చదవడం పోయి కథ చెప్పడమైంది. చెప్పేటప్పుడు ఒక్క మార్పు చేసేది. ఆమె చెప్పే సినిమాల్లో ఎవరికీ ఏమీ కాదు. మంచం పట్టినవాడు ఊరెళ్తాడు, యుద్ధానికి వెళ్ళినవాడు అక్కడే స్థిరపడతాడు.

తర్వాత అమ్మకి ఆపరేషన్ అయింది. పెద్దమ్మాయి పనిచేసేది కళ్లద్దాల షాపులోనే. అద్దాలు తనే దగ్గరుండి అరగదీయించి, ఫ్రేములో బిగించి, అమ్మ ముక్కు మీద సర్ది పెట్టింది. అమ్మ మందుసీసా మీది సన్నక్షరాలు గడగడా చదివేస్తుంటే మురిసిపోయింది. ఆ ఆదివారం టీవీ పెట్టగానే మాత్రం సబ్‌టైటిల్స్ ఆపేసింది.

"బొమ్మకి అడ్డమమ్మా" అంది.

"సరేలే, నువ్వే చెబుతావుగా" అంది అమ్మ.

అప్పట్నుంచీ ఏ సినిమా అయినా ముందు తను ఫోన్లో చూసుకోవలసిందే. షాపులో భోజనాల వేళ, బస్సులో, ఇదిగో ఇలా స్టవ్ దగ్గర.

ఇంతలో తమ్ముడికి పెళ్ళయింది. కోడలు పిల్లలకి ఈత నేర్పుతుంది. పొద్దున్నే వెళ్ళి, ఎండెక్కేసరికి తడిజుట్టుతో ఇంటికొచ్చేస్తుంది. ఇక రోజంతా అత్తాకోడళ్ళే. పెద్దమ్మాయి షాపు నుంచి వచ్చేసరికి అమ్మ నోట "మా కోడలు ఇలా అంది, మా కోడలు అలా అంది" అన్న మాటే. వినగానే ఆమె చేతిసంచి విసురుగా బల్ల మీద పడేసేది. పిల్ల మంచిది కాకపోతే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు. ఆ వీలూ లేదు.

దానికి తోడు ఈ అక్షరాలొకటి. ఆదివారం తను తీసేస్తుంది, వచ్చే ఆదివారానికి మళ్ళీ ఉంటాయి. ఎవరు పెడుతున్నారో తెలుసు. అడగలేదు. ఎవరూ హాల్లోకి రాకముందే రిమోట్ తీసుకుని, టకటకా మీటలు నొక్కి, మళ్ళీ తీసేసేది.

పాలు పొంగిన ఆ రోజు మధ్యాహ్నం మేడ మీద బట్టలారేసి దిగుతుంటే హాల్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. సినిమా మొదలైపోయింది! తను లేకుండానే. సోఫాలో అమ్మ, ఆమె పక్కనే కోడలు. తమ్ముడు కింద చాప మీద. తెర కింద తెల్లగా, ఇంతింత అక్షరాలు. అమ్మ బడిపిల్లలా ఒక్కో మాటా ఒత్తి పైకి చదువుతోంది.

"'నీ గుర్రం... నీకంటే... తెలివైంది.' బాగా పెట్టాడు గడ్డి!" అంటూ కోడలి తొడ మీద చరిచి నవ్వుతోంది.

పెద్దమ్మాయి ఖాళీ బకెట్ కింద పడేసి రిమోట్ అందుకుంది. అక్షరాలు మాయమయ్యాయి.

"వదినా, అత్తయ్య చదువుకుంటున్నారు..."

"చదువుకోవడానికి పేపరుంది."

"అడ్డమైతే చిన్నవి చేస్తా. మొత్తం తీసేయకండి."

"మా అమ్మ సినిమా ఎలా చూడాలో నిన్నగాక మొన్నొచ్చి నువ్వు చెప్తావా?"

కోడలి ముఖం ఎర్రబడింది. "మీరు షాపుకెళ్ళాక అత్తయ్య ఏమీ అర్థంకాక టీవీ కట్టేస్తుంటే చూడలేక పెట్టాను. మీరు తీసేస్తున్నారని నాకేం తెలుసు? టీవీ పాడైందనుకుని ఈయన మెకానిక్‌కి ఫోన్ కూడా చేయబోయారు."

"దయ్యం పట్టిందేమో అనుకున్నా" అన్నాడు తమ్ముడు.

"అయినా వదినా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. పోయినవారం సినిమాలో ఆ ముసలాయన చనిపోయాడు కదా. అత్తయ్యకేమో కూతురింటికి వెళ్ళాడని చెప్పారు. ఎందుకలా?"

"ఎందుకేంటి? అమ్మ తట్టుకోలేదు. నీకేం తెలుసు మా ఇంటి సంగతి?"

"తట్టుకోలేనిది నేనా?" అంది అమ్మ.

గొంతు పెంచలేదు. అద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ అంది. తమ్ముడు టీవీ ఆపి లేచి కూర్చున్నాడు.

"ఊరెళ్ళాడంటావు. ఊరెళ్ళినవాడి కోసం వీధివీధంతా తలలొంచుకుని నడుస్తుందా? అప్పట్లో బొమ్మ మసకైతే మాత్రం ఏడుపు వినబడదుటే నాకు?"

"మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"ఆ రోజు ఆస్పత్రి నుంచొచ్చి గుమ్మంలో నిలబడ్డావు. 'నాన్నేరీ' అంటే, 'వస్తారమ్మా' అన్నావు. వస్తారు కదా అని స్నానానికి నీళ్ళు కాచిపెట్టుకుని కూర్చున్నా. తమ్ముడొచ్చి చెప్పేదాకా నాకు తెలీదు." అమ్మ అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "నిన్నేమీ అనలేదు. అనను కూడా. కానీ ఇన్నేళ్ళయినా ఆ మాట నీ నోట రాలేదే. నువ్వు కథ చెప్తున్నప్పుడల్లా ఇవాళైనా అంటుందేమో, ఒక్కసారి ఏడుస్తుందేమో అని చూస్తా. అద్దాలు వచ్చాక నేను చూస్తున్నది టీవీని కాదు, నీ మొహాన్ని."

పెద్దమ్మాయి అమ్మ కాళ్ళ దగ్గరే చాప మీద కూలబడింది. ఏదో గట్టిగా అందామనుకుంటే చిన్నపిల్ల మాట వచ్చింది.

"అక్షరాలుంటే ఇంక నాతో పనేముంటుందమ్మా నీకు?"

"పిచ్చి మొహమా! కథ కోసం కూర్చుంటున్నానా నీ పక్కన?"

కోడలు తలదించుకుని లేవబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఎక్కడికి? సినిమా సగంలో ఉంది."

సినిమా మళ్ళీ మొదలైంది, అక్షరాలు లేకుండానే. అలవాటు కొద్దీ పెద్దమ్మాయి చెప్పసాగింది. బండి తోలే ముసలాయన, తండ్రితో మాట్లాడని కొడుకు, మంచులో గుర్రాన్ని వెతకడం. కొడుకు ఇంటికొచ్చాడు. తండ్రి పొయ్యి ముందు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి కుదిపాడు. మళ్ళీ కుదిపాడు.

పొద్దున ఈ చోట ఏం చెప్పాలో అనుకునే ఉంది. అలసిపోయి నిద్రపోతున్నాడని.

అమ్మ తెర వైపు చూడడం లేదు.

"వాళ్ళ నాన్న..." అంది పెద్దమ్మాయి. "చనిపోయాడమ్మా. నాన్న... మన నాన్న చనిపోయారమ్మా. నేను వెళ్ళేసరికే..."

అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, మూడేళ్ళుగా దాచుకున్నదంతా ఏడ్చింది. అమ్మ కూడా ఏడుస్తూనే ఆమె జుట్టు నిమిరింది. పక్కనున్న కోడలు ఏం చేయాలో తెలీక తన చున్నీ కొస అందించింది. పెద్దమ్మాయి కాదనలేదు. ముఖమంతా దానితోనే తుడుచుకుంది.

కాసేపయ్యాక రిమోట్ కోడలి ఒళ్ళో పెట్టింది.

"అక్షరాలు పెట్టు. మిగతాది నువ్వు చదువు. నాకు గొంతు రావట్లేదు."

"నాకు మీలా చెప్పడం రాదు వదినా."

"వచ్చినట్టే చదువు."

కోడలు చదవడం మొదలుపెట్టింది. నీళ్ళలో ఉన్న పిల్లలకి వినబడేలా కేకలేసే గొంతు కదా, గోడలు అదిరాయి.

"మెల్లగా చదవవే! వీధిలో వాళ్ళందరికీ వినబడుతోంది" అన్నాడు తమ్ముడు.

"విననీరా" అంది పెద్దమ్మాయి, అమ్మ ఒళ్ళోంచి తలెత్తకుండానే.