మూడో పిలుపు

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో టైర్ల షాపుల వెనక ఒక ఖాళీ లేబర్ క్యాంపు ఉంది. పొద్దుగూకితే ఆ గోడ పక్కన ఎవరూ నడవరు. నడిచినా ఒంటరిగా నడవరు.

లోపల ఏం జరిగిందో ఖచ్చితంగా చెప్పేవాడు లేడు. నిప్పంటుకుందని ఒకరంటారు, ఎవరో ఉరి పెట్టుకున్నాడని ఇంకొకరంటారు. ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకే మాట. రాత్రి అటుగా పోయేవాణ్ణి గోడ దగ్గర నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు... బంగ్లా వాడికి బంగ్లాలో, మలయాళీకి మలయాళంలో, మనవాడికి తెలుగులో. దెయ్యానికి ఇన్ని భాషలు ఎట్లా వచ్చాయని అడిగితే, "ఈడ సచ్చేటోళ్ళది ఒక్క దేశమా?" అని మన తెలుగు డ్రైవరు ముత్యం ఎదురు ప్రశ్న వేసేవాడు.

పిలుపు రెండుసార్లే వస్తుందట. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. రెంటితో ఆగిందంటే అది మనిషి కాదు. దానికి పలికావో, ప్రాణం పట్టుకుపోతుంది. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే మాటే ఇది. వీసా అక్కర్లేదు కాబట్టి మనతోపాటే సముద్రం దాటి వచ్చింది.

పరమేశ్ గది సరిగ్గా ఆ గోడకు ఎదురుగా ఉంది. అతను ఏసీ మెకానిక్. జగిత్యాల దిక్కు ఒక పాలిటెక్నిక్‌లో చదివాడు. హాస్టల్‌లో పరమేశ్, ముత్యం, ఆరోన్, భూమేష్ నలుగురిదీ తొమ్మిదో రూము. ఒకే కంచం, ఒకే మంచం. కాలేజీలో వాళ్ళకు పేర్లుండేవి కావు, 'తొమ్మిదో రూమోళ్ళు' అంతే. భూమేష్‌ను హాస్టల్ నుంచి పంపించేస్తామని వార్డెన్ బెదిరిస్తే, మిగతా ముగ్గురూ కూడా పెట్టెలు సర్దుకొని గేటు ముందు కూర్చున్నారట. వార్డెనే దిగొచ్చాడు.

చదువైపోయాక ఒకడి వెనక ఒకడు బహ్రెయిన్ చేరారు. ఊళ్ళో మాత్రం "దుబాయి పోయిండ్రు" అనే అంటారు. ముత్యం కంపెనీ బస్సు నడుపుతాడు. ఆరోన్ హమద్ టౌన్‌లో ఎలక్ట్రీషియన్. భూమేష్‌ది హిద్‌లో పరంజాలు కట్టే పని, ఎండలో ఇనుప గొట్టాల మీద.

ఆగస్టులో ఒకసారి భూమేష్ ఫోన్ మోగడం మానేసింది. ఒకరోజు... రెండు రోజులు... స్విచాఫ్. ఇంతలో హిద్ క్యాంపుకు అంబులెన్స్ వచ్చిందనీ, ఎవరో తెలుగాయనను ఎక్కించుకొని పోయారనీ ముత్యం బస్సులో విన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పరమేశ్ ఎట్లాగో భూమేష్ వాళ్ళ ఫోర్‌మన్ నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. ఫోర్‌మన్ మిస్రీ వాడు, అంటే ఈజిప్టు మనిషి. హిందీ రెండు ముక్కలు వచ్చు.

"భూమేష్? భూమేష్ ఖలాస్, భాయ్."

అంతే. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పరమేశ్ ముత్యానికి, ఆరోన్‌కు ఫోన్ చేశాడు.

చీకటి పడేసరికి ముత్యం, ఆరోన్ వచ్చేశారు. తలుపు మూసుకొని ముగ్గురూ ఏడ్చారు. సిగ్గుపడాల్సిన పని లేదు, వాళ్ళలో వాళ్ళకు దాపరికం ఎప్పుడూ లేదు. ఆరోన్ కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాడు. ముత్యం పోయినవాడి పేరు మీద గ్లాసులోని మందు వేళ్ళతో నేల మీద చిలికి సాక పోశాడు. పళ్ళెంలో అన్నం, గుడ్డు పొరటు, పచ్చిపులుసు పెట్టి నాలుగో మనిషి కూర్చునే చోట ఉంచారు.

"చిన్నవ్వకు ఎవరు చెప్తరు?" అన్నాడు ఆరోన్.

చిన్నవ్వ భూమేష్ తల్లి. మగడు పోయాక బీడీలు చుట్టి ఒక్క కొడుకును చదివించింది. హాస్టల్‌కు వస్తే సర్వపిండి మాత్రం నలుగురికీ తెచ్చేది. నలుగురినీ కొడుకా అనే పిలిచేది.

"నేనే చెప్త. రేపు ఆఫీసు తెరిచినంక, ఖరారైనంక..." అన్నాడు పరమేశ్.

దుఃఖం కాస్త తగ్గాక పాత ముచ్చట్లు మొదలయ్యాయి. చావు ఇంట్లో నవ్వు రాకూడదంటారు కానీ, భూమేష్‌ను తల్చుకుంటే నవ్వకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. కొత్తగా చేరిన పిల్లల్ని జడిపించడానికి రాత్రిపూట మెస్ వెనక దాక్కుని, ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి పిలిచేవాడు. రెండుసార్లు పిలిచి... గప్‌చుప్. మూడోది పిలిచేవాడు కాదు. పొద్దున చూస్తే సగంమందికి జ్వరాలు.

"మూడోది ఎందుకు పిలువవురా అంటే ఏమన్నడు?" అన్నాడు ముత్యం కళ్ళు తుడుచుకుంటూ. "మూడోది పిలిస్తె మనిషినైపోత గదరా అన్నడు."

నవ్వారు. అప్పుడే కిటికీ ఏసీ టప్‌మని ఆగింది. దాని రొద పోయేసరికి గది ఒక్కసారిగా బావిలా అయిపోయింది.

"పరమేశా..."

ముగ్గురూ విన్నారు.

బయటి నుంచి... ఆ గోడ దిక్కు నుంచి. గొంతు సన్నగా, ఎక్కడో అడుగు నుంచి వచ్చినట్టు ఉంది. కానీ ఎవరిదో చెప్పక్కర్లేదు. బహ్రెయిన్ మొత్తంలో పరమేశ్‌ను 'పరమేశా' అని సాగదీసేవాడు ఒక్కడే.

'ఏందిరా' అనే మాట పరమేశ్ నాలుక చివరిదాకా వచ్చింది. ముత్యం చెయ్యి వచ్చి నోటి మీద పడింది.

"పలకకు..."

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత...

"ప...రమేశా..."

ఈసారి ఇంకా సన్నగా.

ఆరోన్ లేచాడు. తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. ముత్యం అతని నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు.

"పోకురా. మూడోది రానియ్యి."

"మనోడేరా..." గుసగుసగా అన్నాడు ఆరోన్. "దెయ్యమైతె మాత్రం మనోడు కాదారా?"

"మనోడే. గందుకే తీస్కపోతడు."

ముగ్గురూ తలుపుకు చెవులు ఆనించి నిలబడ్డారు. మూడోది రావాలి. వస్తే తలుపు తీసేస్తారు. పరమేశ్ తన ఇంటి దేవుళ్ళందరికీ మొక్కాడు. పిలువురా, ఇంకొక్కసారి పిలువురా, అని లోలోపల బతిమాలుకున్నాడు. అంతగా భయపడుతున్నవాడు దెయ్యాన్ని అట్లా బతిమాలుకోవడం ఎక్కడా విని ఉండరు.

గోడ పక్కన ఏదో జరజరమని జారిన చప్పుడైంది. ఒక నిట్టూర్పులాంటిది వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

మూడో పిలుపు రాలేదు.

ముత్యం లైట్లన్నీ వేశాడు. ఏసీ మళ్ళీ పెట్టాడు, చెవుల్లో ఆ రొద ఉంటే చాలన్నట్టు. ఆరోన్ బైబిలు గుండెకు అదుముకొని గోడకు ఆనుకున్నాడు. తెల్లవారేదాకా ఎవరూ పడుకోలేదు. నాలుగో పళ్ళెంలో అన్నం గట్టిపడిపోయింది.

పొద్దున డ్యూటీకి పోవాలి కాబట్టి ముత్యమే ముందు తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

ఎదురుగా గోడకు జారగిలబడి ఒక మనిషి కూర్చున్నాడు. పక్కన సంచి. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. తల వాళ్ళ తలుపు దిక్కే వాలి ఉంది.

భూమేష్.

ఆరోన్ పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. ఆ తర్వాత వచ్చిన అంబులెన్స్ వాళ్ళు చూసి, ప్రాణం పోయి ఎక్కువసేపు కాలేదన్నారు. తెల్లవారుజాము అయి ఉండొచ్చన్నారు.

పోలీసులు పిలిపిస్తే ఫోర్‌మన్ వచ్చాడు. అతనికి వచ్చిన హిందీలో చెప్పిందంతా కలుపుకుంటే తేలింది ఇది... ఎండకు భూమేష్ పరంజా మీదే కళ్ళు తిరిగి పడ్డాడు, ఫోన్ కింద పడి ముక్కలైంది. అంబులెన్స్ వచ్చింది అతని కోసమే. ఆస్పత్రి వాళ్ళు మందులిచ్చి పంపించారు. పనికి పనికిరాడని కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, వీసా క్యాన్సిల్ చేశాడు. ఈరోజు ఊరికి టికెట్. ఒక్క రాత్రి దోస్తుల దగ్గర ఉంటానంటే రాత్రి ఒక పికప్‌లో ఎక్కించి సల్మాబాద్ మలుపులో దింపారు.

"మై బోలా నా భాయ్?" అన్నాడు ఫోర్‌మన్, చెప్పాను కదా అన్నట్టు పరమేశ్ మొహంలోకి చూస్తూ. "ఖలాస్. కామ్ ఖలాస్, వీసా ఖలాస్..."

వాళ్ళ భాషలో పని తీరినా ఖలాసే, పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డా ఖలాసే. మన దిక్కు మనిషి ఖలాస్ అయిండంటే ఒకటే అర్థం. ఇన్నేళ్ళు గల్ఫ్‌లో బతికి, రోజుకు వందసార్లు ఆ మాట విని కూడా, ముగ్గురు చదువుకున్నవాళ్ళకు ఆ పూట మాత్రం మన ఊరి అర్థమే తోచింది. బతికున్న దోస్తుకు సాక పోసుకుంటూ కూర్చున్నారు. వాడు గడప అవతల ఉన్నాడు. మూడోసారి పిలవడానికి వాడికి ఊపిరి చాలలేదు.

ముత్యం తల గోడకేసి కొట్టుకుంటుంటే టైర్ల షాపు వాళ్ళు వచ్చి పట్టుకున్నారు.

అప్పుడే పరమేశ్ ఫోన్ మోగింది. ఊరి నంబరు. ఎత్తకుండా ఉండలేకపోయాడు.

"పరమేశా, నేను చిన్నవ్వను కొడుకా." గొంతులో తొందర లేదు, భయం లేదు. "నిన్న మాపటికి మావోడు ఎవరి ఫోన్లనుంచో చేసిండు. నోటికి నా నంబరొక్కటే అస్తదట గద. పానం బాగలేదే అవ్వా, పరమేశ్ రూముకు పోతున్న, ఆడికి పోయిన్నంటె నాకు ఫికర్ లేదు అన్నడు. అచ్చిండా?"

పరమేశ్ ఎదురుగా చూశాడు. భూమేష్ మీద తెల్లగుడ్డ కప్పుతున్నారు.

"అచ్చిండు... అవ్వా."

"పండుకున్నడా?"

పరమేశ్ ఫోన్ చెవికి అదుముకొని పోయి ఆ తెల్లగుడ్డ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"లేపకు కొడుకా," అంది చిన్నవ్వ. "శాన రోజులకు మీ నడుమకు అచ్చిండు. పండనియ్యి."