ములకలపల్లి టవర్ కింద

2008 మార్చి పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం రెండుంబావుకి, పాల్వంచ దాటాక ఒక టీ కొట్టు ముందు పెట్టె పోయింది.

చూడటానికి అది మామూలు సూట్‌కేసు. లోపల ఉన్నది ఇంటర్‌సెప్టర్. ఆన్ చేస్తే చుట్టూ నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎవరు సెల్‌ఫోన్‌లో మాట్లాడినా వినిపిస్తుంది. ఆ మాటలన్నీ హార్డ్ డిస్క్‌లో చేరతాయి. పెట్టెను తీసుకువెళ్తున్న డ్రైవర్ భీమ్లా జీపు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. చెవి వెనక ఒక్క తూటా. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

పెట్టె సొంతదారైన రహస్య నిఘా విభాగం పోలీసులకు కంప్లయింటు ఇవ్వలేదు. ఆ పెట్టెను కొన్నట్టు ఏ ఫైల్లోనూ లేదు. లేని పెట్టె పోయిందని రాయడం కుదరదు. భీమ్లాది రోడ్డు ప్రమాదం అని రాశారు. భార్యకు అదే చెప్పి, శవాన్ని మూట విప్పనివ్వకుండా అప్పగించారు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఏజెంట్ బలరాం ఖమ్మంలో 'పంటల బీమా సర్వే' అని బోర్డు కట్టిన ఒక అద్దె ఇంట్లోకి వెళ్లాడు. లోపల పంట లేదు, బీమా లేదు. పదహారు కంప్యూటర్లు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పదహారు మంది ఉన్నారు. చివరి గదిలో ఆ విభాగం అధికారిణి నిర్మలాదేవి కూర్చుని ఉంది.

"ముఠా విదేశీ. లీడర్ పేరు హ్యూగో. ఔషధ మొక్కల సైంటిస్టునని చెప్పుకుని అశ్వారావుపేటలో ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాడు. ఈ సాయంత్రం డిస్క్ కాపీ చేసి బయటికి పంపుతాడు. ఆపాలి."

"డిస్క్‌ల ఎంతమంది గొంతులున్నయ్ మేడం?"

"రెండు వేల మూడు వందలు. ఇంజనీర్లు, డాక్టర్లు, విలేకరులు, ఇద్దరు జడ్జీలు."

"అందరి మీద ఆర్డరున్నదా?"

"ఎమర్జెన్సీలో ముందు వినొచ్చు. ఏడు రోజుల్లో హోం సెక్రటరీ సంతకం వస్తుంది."

"ఆ ఏడు రోజులు ఎప్పుడైపోయినయ్?"

నిర్మలాదేవి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పోయినేడు ఒక బస్సు కింద బాంబు పెట్టారు. మనం వినబట్టి నలభై మంది ఇళ్లకు చేరారు. వాళ్లలో ఒక్కరూ సంతకం ఉందా అని అడగలేదు, బలరాం."

ఆ బస్సు సంగతి అతనికీ తెలుసు. బాంబు తీసినవాళ్లలో తనూ ఉన్నాడు.

ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. నిన్న సాయంత్రం ములకలపల్లి సెల్ టవర్ కింద దొరికిన కాల్. మాట్లాడింది పూల్‌సింగ్, జీపు డ్రైవర్, రెడ్యాతండా. కాగితం మీద తెలుగులో మూడే వాక్యాలున్నాయి. 'దాడి వస్తుంది. రేపు నాలుగింటికి ఎర్రవాగు దగ్గర. నలుగురిని మంచం పట్టుకుని రమ్మను.'

"మంచమేంది?"

"స్ట్రెచర్. దెబ్బలు తగిలేవాళ్లను మోయడానికి. వాగు దగ్గరి చెక్‌పోస్టు మీద దాడి చేసి మనల్ని అటు లాగుతారు, ఈలోగా హ్యూగో తన పని చేసుకుంటాడు. అందుకే మన రాజేష్ సాయుధ దళంతో అక్కడ కాపు కాస్తున్నాడు. ఆపాల్సి వస్తే కోడ్ 'వాన పడింది'. నా నోటి నుంచి వస్తేనే చెల్లుతుంది."

కాగితం కింద 'చూశాను' అని రాసి బలరాం పొట్టి సంతకం పెట్టాడు. ఆ కాల్ ఏ భాషలో వచ్చిందని అడగలేదు.

*

మూడూ ఇరవైకి అతను ఆయిల్‌పామ్ తోటల మధ్య గెస్ట్‌హౌస్ ముందు పాత మోటారుసైకిల్ ఆపాడు. ఒంటి మీద సిమ్ కార్డుల కంపెనీ టీషర్టు, చంకలో గొడుగు, చేతిలో రీఛార్జి కార్డుల డబ్బా. డబ్బా అడుగున ఒక కాయిల్ ఉంది. డిస్క్ పక్కన పెట్టి మీట నొక్కితే పది సెకన్లలో రికార్డంతా చెరిగిపోతుంది. అది చివరి మార్గమనీ, డిస్క్ పగలకుండా తిరిగి రావాలనీ నిర్మలాదేవి రెండుసార్లు చెప్పింది.

తలుపు తీసింది హేమలత. హ్యూగో సెక్రటరీ. నిర్మలాదేవి చూపించిన ముఠా ఫోటోల్లో రెండోది ఆమెదే. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, ఆ తోటలో పది అడుగులు కూడా నడవలేని ఎత్తు చెప్పులు.

"ఇన్‌కమింగ్ ఫ్రీ మేడం. జీవితాంతం."

"ఎవరి జీవితాంతమో చెప్పి అమ్మండి," అంది హేమలత.

బలరాం చేతిలో డబ్బా ఒక క్షణం ఆగింది. అది జవాబు కోడ్. ముఠాలో తమ మనిషి ఉన్నారని తెలుసు కానీ ఆమేనని తెలియదు.

"అంతలా చూడకండి. రెండేళ్ల నుంచి రెండు జీతాలు తీసుకుంటున్నా. ఒక్కదాన్నీ బ్యాంకులో వేసుకోలేకపోతున్నా," అంది. అతన్ని లోపలికి రానిచ్చి గొంతు తగ్గించింది. "హ్యూగో పక్క గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కల ఏ ఫోన్ కదిలినా వింటాడు. డిస్క్ ఈ గదిలోనే కాపీ అవుతోంది. నాలుగింటికి పూర్తవుతుంది. సరిగ్గా అప్పుడు తియ్యాలి. ముందే తీస్తే అలారం అరుస్తుంది."

బల్ల మీద కంప్యూటర్, దాని పక్కన తెరిచిన సూట్‌కేసు.

"ఒకటి వినండి. నిన్న ములకలపల్లిలో టెస్ట్ చేస్తుంటే పడింది," అని ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చింది.

ఆస్పత్రి వరండాలో ఉండే చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు సంతోషంగా, తొందరగా, లంబాడీలో అంది: 'యాడి ఆవచ.'

బలరాం పుట్టింది నేలకొండపల్లి దగ్గర ఒక తండాలో. మాటలు వచ్చాక అతను మొదట అన్న మాట 'యాడి'. యాడి అంటే తల్లి. అమ్మ వస్తోంది. వాగు కాడికి జీపు వస్తుంది, ఆమె నడవలేదు, నలుగురిని మంచం పట్టుకుని రమ్మను. పదకొండు సెకన్లు. తండాలో ఉన్న భార్యకు పూల్‌సింగ్ చెప్పింది అంతే. ఖమ్మంలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి లంబాడీ రాదు. 'యాడి'ని 'దాడి' చేసి, మిగతాది తనకు తోచినట్టు తెలుగులో సరిదిద్దాడు.

గడియారంలో మూడూ నలభై ఆరు.

"ఇక్కడి వంటామె లంబాడీ మనిషే. పొద్దున తనకు వినిపిస్తే అర్థం చెప్పి నవ్వింది," అంది హేమలత. "పదింటికే మీ మేడంకు అది దాడి కాదని కబురు పంపా."

"ఏమన్నది?"

"ఫోర్సంతా వాగు దగ్గరుందని హ్యూగో మనుషులు చూసొస్తేనే అతను పెట్టె బయటికి తీస్తాడు, కాబట్టి అలాగే ఉండనీ అన్నారు." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నలుపు. "ఫోన్ చేస్తే అతను వింటాడు, తెలుగు బాగానే వచ్చు. నన్ను బతకనివ్వడు. చేస్తారా?"

బలరాం ఆమె వైపు చూశాడు. ఆమెకూ ఎక్కడో ఒక తల్లి ఉండి ఉంటుంది. అతను ఫోన్ తీశాడు.

"మేడం, వాన పడింది."

అటు నుంచి నిర్మలాదేవి స్పష్టంగా అంది: "ఇక్కడ ఎండగానే ఉంది." లైన్ కట్టయింది.

అతను రాజేష్ నంబరు నొక్కాడు.

"రాజేష్, ఆపు. అది దాడి కాదు, యాడి. మా భాషల తల్లి అన్నట్టు. వాడు తల్లిని దవాఖానా నుంచి తెస్తున్నడు."

"అన్నా, మంచం కనబడుతుంది. నలుగురున్నరు. గా పేపర్ల రాసినట్టే ఉన్నది."

"ఆ మంచం ముసలామెను వాగు దాటించనీకిరా!"

"మేడం చెప్పాలె. నీ మాట మీద ఆపితె రేపు నా కొలువుకు ఎవరు జిమ్మేదారు? జీపు వచ్చింది అన్నా. ఉండు."

పక్క గది తలుపు తెరుచుకుంది. హ్యూగో మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. అతను బలరాంను చూడలేదు. ముందు హేమలతను కాల్చాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడాలని చూసింది, కానీ ఆ చెప్పుల మీద నిలబడలేకపోయింది.

రెండో తూటా బలరాం భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. అతను గొడుగు కర్రతో హ్యూగో మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది. పిస్టల్ మంచినీళ్ల కుండకు తగిలి కింద పడింది. కంప్యూటర్ తెర మీద తొంభై ఎనిమిది అని ఉంది. బలరాం డబ్బాను డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఆనించి మీట నొక్కాడు. అంకె అక్కడే ఆగి, తెర నల్లబడింది. రెండు వేల మూడు వందల మంది గొంతులు హ్యూగోకు దక్కకుండా పోయాయి.

నేల మీద పడిన ఫోన్ ఇంకా కట్ కాలేదు. అందులోంచి తుపాకుల చప్పుడు వచ్చింది. అయిదు, ఆరు. తర్వాత ఒక ముసలామె గొంతు, ఒకే పేరును పిలుస్తూ.

వాగు దగ్గర ఆ నలుగురూ ఒక్క మంచమే తెచ్చారు. కొడుకును దాని మీద పడుకోబెట్టారు. తల్లి చాందిని ఒకతను వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించాడు.

*

మర్నాడు పేపర్లలో విదేశీ ముఠా గుట్టు రట్టయిందని, లీడర్ దొరికాడని వచ్చింది. కింద నాలుగు లైన్లలో, ముఠాకు సహకరించిన ఒక జీపు డ్రైవర్ ఎదురుకాల్పుల్లో చనిపోయాడని ఉంది. హేమలత పేరు ఎక్కడా లేదు.

భుజం కట్టు విప్పాక బలరాం రెడ్యాతండాకు వెళ్లాడు. తను ఎవరో, ఏ కాగితం మీద ఏం రాశాడో చాందికి లంబాడీలోనే చెప్పాడు. ఆమె తిట్టలేదు. తెలుగులో, పరాయివాడితో మాట్లాడినట్టు అంది:

"నా కొడుకు మాట మీ మిషన్ల ఉన్నదంట గద సారూ. నేను దవాఖానల మత్తుల ఉన్న. నా గురించి వాడు ఏమన్నడో ఇనలే. అదొక్కటి ఇనిపియ్యి."

ఖమ్మంలో నిర్మలాదేవి అతన్ని కూర్చోమంది.

"డిస్క్ చెరిపినందుకు నీకు మెమో ఇవ్వాలి. కానీ అక్కర్లేదు. మనం విన్న ప్రతి కాల్‌కూ ఇక్కడ రెండో కాపీ ఉంది."

"అందుల పదకొండు సెకన్లు కావాలె మేడం. ఆ తల్లికి వినిపించనీకి."

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "బయటివాళ్లకు వినిపించడమా? అది ఒక మనిషి ప్రైవేటు సంభాషణ, బలరాం. హోం సెక్రటరీ అనుమతి కావాలి."

అతను ఏప్రిల్ రెండున దరఖాస్తు ఇచ్చాడు. దాని మీద ఇంకా సంతకం కాలేదు. చాంది ఆ మాట ఇంకా వినలేదు.