దున్నని పొలం

చర్చి పారిష్ హాల్లో ఆంబ్రోస్ చరిత్ర ఉపన్యాసం ముగియకముందే వెనక వరుసలో ఒకమ్మాయి లేచింది. బూట్ల నిండా బురద. ముఖాన నవ్వు లేదు.

"అంటే వాన్‌బీ ఊరిని గొర్రెలు తినేశాయంటారా?"

"గొర్రెలు కాదండీ, దొర. ఉన్నికి మంచి ధర ఉందని రైతుల్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చి, గొర్రెల్ని తోలాడు. ఐదువందల ఏళ్ల కిందటి మాట."

"ఇప్పుడక్కడ మేస్తున్నవి నావి."

"వాటిమీద నాకు కోపం లేదు."

"వాటికీ మీమీద ఉండదు లెండి. ఉన్నికి ఇప్పుడు గొరిగిన కూలి కూడా రావట్లేదు. వచ్చేవారం దున్నించి బార్లీ చల్లేస్తున్నా."

ఆమె పేరు హెస్టర్. నాగలి పడితే ఆ పచ్చికలోని మిట్టలూ పల్లాలూ, అంటే కూల్చిన ఇళ్ల, వీధుల ఆనవాలంతా, ఒక్క పూటలో చదునైపోతుంది. ఆంబ్రోస్‌కు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే పొలానికి వెళ్లాడు. హెస్టర్‌కు దండం పెట్టేలోపు పొట్టేలు వెనకనుంచి కుమ్మింది. వెళ్లి పల్లంలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

"దెబ్బ తగిలిందా?"

"ఇది ఊరి నడివీధి," అన్నాడతను, లేవకుండానే. "మీరు నిలబడ్డది ఎవరి ఇంటి వాకిలో."

హెస్టర్ ఒక అడుగు పక్కకు జరిగింది. కాళ్ల దగ్గర ఎలుకలు తోడిపోసిన మన్నులో కుండపెంకు కనిపిస్తే తీసింది. అంచున కుమ్మరి బొటనవేలు నొక్కిన గుంట. తన వేలు పెట్టి చూసింది. సరిపోయింది.

చాలాసేపు వేలు తియ్యలేదు.

"బార్లీ పై పొలంలో వేస్తా," అంది చివరికి. "అక్కడ రాళ్లెక్కువ. ఏరడానికి మీరు రావాలి."

వచ్చాడు. ఆదివారం ఆదివారం వచ్చి రాళ్లు ఏరాడు. రాళ్లయిపోయాక కూడా వచ్చాడు.

"ఇవాళ దేనికి?" అడిగింది హెస్టర్.

"తెలీదు. బస్సెక్కాను, ఇక్కడ దిగాను."

"నువ్వంటే నాకిష్టమని వినడానికి ఇంతదూరం రానక్కర్లేదు. ఫోన్లో అడిగినా చెప్పేదాన్ని."

"అది నేను చెప్పాల్సిన మాట కదా."

"నీకోసం కూర్చుంటే ఇంకో ఐదువందల ఏళ్లు పడుతుంది. లోపలికి రా, నాన్న టీ పెట్టాడు."