అప్‌డేట్ మర్నాడు

పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెద్దాయన లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. రోజూ ఆ వేళకు తెర మీద ఒక ముఖం కనిపించాలి. ఇవాళ కనిపించలేదు. వైఫై గుర్తు ఉండాల్సిన మూల బోసిగా ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేశాడు. వైఫై పరికరమే లేదని తెర మీద వచ్చింది.

హాల్లో వైఫై డబ్బా మీద దీపాలు మామూలుగానే మిణుకుతున్నాయి. వంటింట్లో కూతురి ఫోనులో వీడియో మోగుతోంది. అంటే అందరికీ ఉంది. తనకొక్కడికే లేదు.

ఆయన సర్వే ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురింట్లో ఉంటున్నాడు. తెర మీద కనిపించే ఆవిడ అదే ఆఫీసులో మ్యాపులు గీసేది. అందరూ గీతల మేడమ్ అనేవారు. ఏదో జ్వరం వచ్చి తగ్గాక ఆవిడకు వినికిడి పోయింది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. అందుకే ఆయన దగ్గరున్న బటన్ల ఫోను వాళ్లకు ఎందుకూ పనికిరాదు.

నిన్న ఆవిడే అడిగింది, ఇద్దరం ఒంటరిగా ఉండటం దేనికి, పెళ్లి చేసుకుందామని. రేపు చెబుతానన్నాడు. ఇష్టం లేకపోతే రేపు కనిపించకండి చాలు, కాదని నోటితో చెప్పే ఇబ్బంది మీకెందుకు అందావిడ.

ఆ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబితే కూతురు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఈ వయసులో ఇదేం పని అంది. అమ్మని అప్పుడే మరిచిపోయావా అని కూడా అంది. సాయంత్రం ఆయన వాకింగ్ నుంచి వచ్చేసరికి, కూతురు ఆయన కుర్చీలోంచి గబుక్కున లేచి పక్కగదిలోకి వెళ్లింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఇవాళ కాఫీ ఇచ్చేటప్పుడు కూడా ఆమె కళ్లెత్తి చూడలేదు. అల్లుడు చెప్పకుండానే ఆఫీసుకు వెళ్లిపోయాడు.

మంచినీళ్ల కోసం వంటింటి వైపు వెళ్తుంటే ఆమె ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "నాన్నకి తెలిసినట్టు లేదులే."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "తెలిసిందమ్మా" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి ఫోను పెట్టేసింది.

"వద్దనుకుంటే నా మొహం మీదే చెప్పాల్సింది. వైఫై తీసేయడం ఏమిటి? నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"వైఫై తీయడమేంటి నాన్నా?"

నటించకు అన్నాడాయన. ఆవిడ అవతల ఎదురుచూస్తోందనీ, తను కనిపించకపోతే కాదన్నట్టే లెక్క అనీ చెప్పాడు. ఈ ఇంట్లో ఇక ఉండనన్నాడు.

కూతురు స్టవ్ కట్టేసి ఆయన వైపు తిరిగింది. లాప్‌టాప్ తెరిచిన మాట నిజమేనంది. ఆవిడ ఎలా ఉంటుందో చూడాలనిపించిందట. ఏదో అప్‌డేట్ అంటూ పెట్టె ఒకటి తెర మీదికి వచ్చిందట. అంతలో ఆయన చెప్పుల చప్పుడు వినిపించి, కంగారులో ఏది నొక్కిందో తనకే తెలియదట. ఆ సంగతే ఇప్పుడు భర్తకు చెబుతోందట.

"వైఫై జోలికి నేను పోలేదు నాన్నా. ఒట్టు."

ఆయన నమ్మినట్టు లేదు. ఆమె తన ఫోనులోంచి కలుపుతానంది. తెలియని నంబరయితే ఆవిడ ఎత్తదని పొడిగా చెప్పి తన గదిలోకి వెళ్లిపోయాడు. వెనకే వచ్చి ఆమె మంచం అంచున కూర్చుని ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. కాసేపటికి దొరికింది. నిన్నటి అప్‌డేట్‌తో కెర్నెల్ మారిందట. మిషన్ మొత్తాన్ని నడిపించే అసలు ప్రోగ్రాం అది. కొత్త కెర్నెల్ పాత లాప్‌టాప్‌లలో వైఫై చిప్‌ను గుర్తుపట్టడం లేదని చాలామంది మొత్తుకుంటున్నారు. పాత కెర్నెల్ లోపలే ఉంటుంది, ఆన్ అయ్యేటప్పుడు దాన్ని ఎంచుకోవచ్చునని ఎవరో రాశారు.

ఆ పేజీ ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివాడు. కుర్చీ కొంచెం జరిపి ఆమెకు చోటిచ్చాడు.

లాప్‌టాప్ ఆన్ అవుతుండగా మొదటిసారి ఆమె మీట సమయానికి నొక్కలేకపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే కెర్నెళ్ల పేర్లు వరసగా వచ్చాయి. పాతదాన్ని ఎంచుకుంది. తెర వెలిగింది. మూలన వైఫై గుర్తు కనిపించింది.

"నిన్ను అనుమానించానమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

"ఊరికే అనుమానించలేదులే నాన్నా. వైఫై పోయిందని నువ్వన్నప్పుడు, ఒక్క క్షణం, పోనీ మంచిదే అనిపించింది. నీ ముఖం చూశాక నామీద నాకే అసహ్యం వేసింది."

ఆయన ఆమె తల నిమిరి, కాల్ కలిపాడు. చాలాసేపు మోగింది. చివరికి అవతల ఒక ముఖం కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాకిష్టమే, వస్తున్నాను" అన్నాడాయన, ఒక్కో అక్షరం విడమరిచి. ఆవిడ ఆయన పెదవుల వంక చూస్తూ ఉండిపోయింది. నమ్మలేనట్టు మళ్లీ చెప్పమని సైగ చేసింది. ఆయన మళ్లీ చెప్పాడు.

కూతురు ముందుకు వంగింది. "ఆలస్యం నావల్లే అయిందండీ. నాన్న తప్పేం లేదు" అంటూ ఇంకేదో చెప్పబోయింది. ఏడుపు ముంచుకొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ తెరకు దగ్గరగా జరిగింది.

"చెయ్యి తియ్యమ్మా" అంది, తన గొంతు తనకే వినబడని ఎగుడుదిగుడు స్వరంతో. "నోరు కనిపించకపోతే నాకు అర్థం కాదు. తొందరేం లేదు. ఏడవడం అయ్యాకే చెప్పు."