మాస్కుకి రాసిన ఆముదం

ఢిల్లీరావు ముక్కు మీది పుండు, వాళ్ళావిడ నరసమ్మ అట్లకాడతో వాత పెడితే వచ్చిందని గౌరీశ్వరి చెప్పిందట. గౌరీశ్వరిది గోడ అవతలి ఇల్లు. ఆమె కళ్ళతో చూడలేదు గానీ, వారం కిందట ఒక రాత్రి నరసమ్మ "తియ్యకు, తీసినావంటే ఊరుకోను" అని అరవడం చెవులారా విన్నదట. మర్నాడే ఆయన ముక్కు దూలం మీద నల్లటి మచ్చ తేలిందట. ఇంకేం కావాలి? ఈ మాటని పాలు పోసే ఆమె మూడు గుమ్మాల్లో పోసి, నాలుగో గుమ్మంలో సాక్షాత్తూ నరసమ్మకే తెచ్చి పోసింది.

నరసమ్మ పాలగిన్నె పట్టుకుని పగలబడి నవ్వింది.

"ఓలమ్మో, అట్లకాడేటి! మిషను తెచ్చిననాడు మా మావకి కిడ్నీలు పోయినాయన్నాది. ఈయేళ వాత పెట్టినానంతందా? రేపు మొగుడి ముక్కు కొరికీసినానంతాది, సూడు."

"నాననలేదమ్మా, ఆవిడే అన్నాది," అని పాలామె జారుకుంది.

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో ఏ ఇంటికి ఏ మిషను వచ్చినా జనానికి ముందు గుర్తొచ్చేది కిడ్నీలే. ఢిల్లీరావుది మాత్రం గురక జబ్బు. ఆయన పలాసలో ఒక బడికి వ్యాను తోలేవాడు. ఒకనాడు రైలు గేటు దగ్గర బండి ఆపి, గేటు ఎత్తేలోగా స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాడు. వెనక పిల్లలంతా కిలకిల నవ్వారు. ఆయనకి మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ సాయంత్రమే ఎవరూ అడక్కుండానే తాళాలు బడిలో ఇచ్చేసి వచ్చాడు.

టెక్కలిలో మందుల షాపులో పనిచేసే కూతురు ధరణి ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందని, పగలు కునుకు ముంచేసేది అందుకేనని, ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పని డాక్టరు చెప్పాడు. మందు లేదు, గాలి మిషనే మందు. పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు తగిలించుకుంటే, గొట్టం చివరనున్న చిన్న మిషను ఊపిరి దారి మూసుకుపోకుండా రాత్రంతా గాలి తోస్తుంది.

ఊపిరి ఆగుతోందని నరసమ్మకి డాక్టరు చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఆమె పక్కన పడుకుని లెక్కపెడుతూనే ఉంది. గురక ఠక్కున ఆగేది. ఆమె ఒకటి, రెండు అనుకునేది. పద్దెనిమిదికో ఇరవైకో మళ్ళీ గాలి అందేది. ఒకసారి ముప్పై దాటితే భుజం పట్టి కుదిపేసింది. మిషను వచ్చిన మొదటి వారం ఆ లెక్క తప్పింది. ఎన్నాళ్ళకో ఇద్దరూ తెల్లారేదాకా నిద్రపోయారు. రెండో వారం ముక్కు ఎర్రబడింది. మూడో వారం పుండయింది. తెల్లారుగట్ల మెలకువొచ్చి నరసమ్మకి లెక్క మళ్ళీ మొదలైంది.

ఆ ఆదివారం ధరణి పది గంటల బస్సుకి దిగింది. మంగళవారం డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఇంట్లోకి వస్తూనే, మంచినీళ్ళయినా తాగకుండా, మిషను మీట నొక్కి చూసింది.

"ఏటిది నాన్నా? నిన్న రాత్రి పెట్టుకున్నది ముప్పై అయిదు నిమిషాలే. మొన్న నలభై. కనీసం నాలుగు గంటలైనా ఉంచుకోమన్నాడా లేదా డాక్టరు?"

"మిషనుకేటి తెలుసమ్మీ, నెంబర్లు సరిగ్గా సూపించదు."

"మిషను అబద్ధం ఆడతాదా?"

"మనుసులు సేసిందే కదా."

పెరట్లో కాల్చిన జీడిపిక్కల కుప్ప ముందు కూచున్న నరసమ్మకి ఈ మాట వినబడింది. తుపానుకి వాళ్ళ తోట పడిపోయాక, కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా అని ఊళ్ళో వాళ్ళ పిక్కలు ఇంటికి తెచ్చుకుని ఒలుస్తోంది. ఆ "కాపుకొచ్చేదాకా" ఏడేళ్ళయింది. చేతిలో పిక్క అక్కడే పడేసి లోపలికొచ్చింది.

"ముప్పై అయిదు నిమిషాలా? నాను కన్ను మూసేదాకా ఆగి తీసెత్తన్నావన్నమాట! ఎప్పుడో తెల్లారుగట్ల ఊడిపోతంది కాబోలనుకున్నాను. దొంగ!"

"నొప్పెడతంది. నా ముక్కు, నా నొప్పి. తల్లీ కూతుళ్ళు నన్ను పీక్కు తినీకండి."

"వ్యాను మళ్ళీ తోలాలని ఉందా నాన్నా? పిల్లల్ని ఎక్కించుకుని మళ్ళీ ఎక్కడో..." అని ధరణి ఆపేసింది.

మిగతాది నరసమ్మ అందుకుంది. "ముక్కు నీదే, కాదన్నేదు. ఊపిరి నీదొక్కడిదేనేటి? ఏదో రేతిరి నా లెక్క అరవై దాటిపోద్ది. అప్పుడు నానెవుల్ని లేపాల, సెప్పు!"

ఢిల్లీరావు తనే వెళ్ళి మంచం మీద కూచున్నాడు. 

ధరణి తండ్రిని మంచం మీద పడుకోమని, మాస్కు తగిలించి, మిషను వేసింది. పట్టీ కింద వేలు దూర్చబోతే గోరు కూడా దూరలేదు.

"ఎవరింతలా బిగించారు?"

"నానే. పక్కనించి గాలి పోతందనీసి."

"ఇది వ్యాను మీద బస్తాలకేసే తాడు కాదమ్మా. కూచోబెట్టి బిగించకూడదు. పడుకున్నాక, గాలి వస్తున్నప్పుడే సరిచెయ్యాలి. అంచునున్న ఈ మెత్త, గాలికి ఉబ్బి దానంతటదే మొహానికి అతుక్కుంటాది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. ముందు ఎర్రబడింది ఈ బిగువుకే."

ఆమె మాస్కు తీసి తండ్రి ముక్కుని వెలుతురులోకి తిప్పి చూసింది. నుదురు ముడిపడింది. బిగువుకైతే చర్మం కందుతుంది, గీసుకుపోతుంది. ఇది అంచులు ఉడికి, నల్లగా పొక్కింది. మాస్కు మెత్త చుట్టూ వేలు తిప్పింది. జారింది.

"అమ్మా, దీనికేం రాస్తున్నావు?"

నరసమ్మ మొహం వెలిగింది. "ఆముదమే. ముక్కు ఎర్రబడింది సూసి, రెండు పూటలా రాత్తన్నాను. పిక్కల కాడ సేతులకి రాసుకోమా? అంత జీడి నించి సేతుల్ని కాసేది ముక్కుని కాయదేటి?"

"నూనె తగిలితే ఈ మెత్త పాడైపోతాదమ్మా. ఉత్త సబ్బునీళ్ళే, ఇంకేం రాయకూడదు. ఇంతకీ ఏ ఆముదం?"

"ఏ ఆముదమేటే, మనింట్లో ఉన్నదే."

నరసమ్మ పెరట్లోకెళ్ళి పిక్కల కుప్ప పక్కనున్న కొబ్బరి చిప్ప తెచ్చింది. ప్రతి గుప్పెడు పిక్కలకీ ముందు ఆమె వేళ్ళు ముంచేది ఆ చిప్పలోనే. పెంకులోంచి కారి చర్మాన్ని కాల్చే జీడి అంటిన వేళ్ళు మళ్ళీ మళ్ళీ మునిగి, అడుగున ఆముదం తారులా నల్లబడింది. ధరణి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చిప్పని తల్లి ముక్కు దగ్గర కూడా పెట్టి, ఆమె చేతికే ఇచ్చింది.

పిక్కల మధ్య బతికినవాళ్ళకి ఆ వాసన ఇంకొకరు చెప్పాలా? రోజంతా పీలుస్తూ ఉండి ఆమె దాన్ని మరిచిపోయింది, అంతే. చిప్ప చేతిలో ఉండగానే నరసమ్మ గడప మీద కూలబడింది.

"జీడి రాసినాను... రెండు పూటలా నా సేత్తో నానే జీడి రాసినాను. ఓలమ్మ, నానెంత పని సేసినాను!"

ధరణి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు జీడితోటలో పుట్టినోడివి. జీడి కాలితే ఎలా ఉంటాదో నీకు తెలీలేదా?"

ఢిల్లీరావు గోడకున్న క్యాలెండరు చూశాడు.

"తెలిసింది."

"ఎప్పుడు?"

"రెండో రోజే."

"మరి చెప్పవేటి! పొద్దున్నే నీకు నువ్వు కడిగేసుకోవచ్చు కదా!"

"కడిగినాను. మీ అమ్మ సాయంత్రం మళ్ళీ రాసీది." ఆయన క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు. "మాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. మీ అమ్మ ఏనాడూ నా మొహం ముట్టుకోలేదమ్మీ. మా ఇళ్ళల్లో అదో సిగ్గు. మిషనొచ్చినకాడ నించి రోజూ మంచం మీద కూకుని, పట్టీలు సదిరి, బుగ్గ మీద సెయ్యేసి 'గాలి పోతందా మావా' అని అడుగుతాది. 'నీ సెయ్యి కాలత్తందే' అంతే ఆ సెయ్యి మరి వత్తాదా? అరగంట ఓర్సుకుంతే అరగంట సెయ్యుంతాది కదాని..."

"సిగ్గు నేదు నీకు! కూతురి ముందర ఆ మాటలేటి!" నరసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వో ఏడుపో తెలియకుండా భుజాలు కదిలాయి. "సెయ్యి కావాలంతే అడగొచ్చు కదా. దానికోసరం ఊపిరి మానెత్తాడా మనిసన్నవాడు?"

"అడిగితే ఇచ్చీదానివా?"

"ముప్పై ఏళ్ళల్లో ఒక్కమారడిగి సూడకపోయినావా!"

ధరణి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత సంచీ విప్పింది. ఆముదం తాగిన మెత్త ఊడదీసి పారేసి కొత్తది తొడిగింది. ముక్కుకీ మాస్కుకీ మధ్య ఉండే పల్చటి గుడ్డ తొడుగు చూపించింది. మొహం సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, తడి ఆరాకే మాస్కు పెట్టుకోవాలంది. అసలు ముక్కు దూలాన్ని తాకకుండా రంధ్రాల దగ్గరే ఆనే చిన్న రకం కూడా ఉందట. మంగళవారం పుండు చూపించి, మానేదాకా అది వాడొచ్చునేమో డాక్టర్నే అడుగుదామంది.

"మిషనుకున్న ఈ నీళ్ళ డబ్బాలో కాచి చల్లార్చిన నీళ్ళు కాదు, షాపులో అమ్మే డిస్టిల్డు నీళ్ళే పొయ్యండి. ఆ తడి గాలికి ముక్కు ఎండకుండా ఉంటాది."

"అన్నీ నువ్వే సెయ్యి మావా," అంది నరసమ్మ. "నాను మరి ఆ మాస్కు ముట్టను."

"ముట్టాల," అన్నాడు ఢిల్లీరావు. "నువ్వు తగిలిత్తేనే పెట్టుకుంతాను. తెల్లార్లూ ఉంచుకుంతాను, ఒట్టు."

"ఇంత జీడి సేతుల్తోనా?"

"ఉండమ్మా, దానికీ ఇవి పనికొస్తాయి," అని ధరణి సంచీ అడుగు నుంచి ఒక జత పల్చటి గ్లౌజులు తీసింది. "మీరు ఫోనులో పుండన్నారని, దానికి ఉత్త చేతులు తగలకూడదని తెచ్చాను. ఇవి తొడుక్కుని కడుగు, ఇవి తొడుక్కునే తగిలించు. జీడి ఇసుమంత కూడా అంటదు."

నరసమ్మ ఒకటి తొడుక్కుంది. పగుళ్ళు పడి, గోళ్ళ మొదళ్ళదాకా నల్లబడ్డ వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోయాయి. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఎంత మెత్తగున్నాదే! ఎక్కడివివి?"

"మా షాపులోవే. డబ్బాకి వంద ఉంటాయి. నేను చేరిన కాడ నించీ అమ్ముతున్నాం. ఆరేళ్ళు."

"ఎవులు కొంతారు?"

"ఆసుపత్రుల వాళ్ళు, పార్లర్ల వాళ్ళు. జీడి ఫ్యాక్టరీల వాళ్ళు కూడా డబ్బాలకి డబ్బాలు..."

ధరణి మాట అక్కడే ఆగిపోయింది. నరసమ్మ గ్లౌజు చేతినీ, ఉత్త చేతినీ పక్కపక్కన ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"మరి నాకు ఒక్క జతైనా తేలేదేటే?"