మూడోసారి నది దాటినప్పుడు

"ఆ నది కొండెక్కుతోంది," అందామె.

టైలరింగ్ షాపులో కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. మంచి రసపట్టులో ఉన్నారప్పుడు. కుట్టుమిషన్లన్నీ గోడవారకు జరిపి, తెల్లటి లైనింగ్ గుడ్డ ఒకటి బిగించి కట్టి, దాని మీద ప్రొజెక్టర్ వేసుకుని ‘పొగమంచు రేవు’ చూస్తున్నారు. ఆదివారం షాపుకు సెలవు. ఆ మధ్యాహ్నం పూట మాత్రం ఆ ఊళ్ళో యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ అదే పుట్టిల్లు. షాపు యజమాని టైలర్ మాస్టారికి అరవై దాటాయి. పిచ్చి అందరికంటే ఆయనకే బాగా ముదిరింది.

"ఏ నదమ్మా?" అన్నాడాయన, బొమ్మ ఆపి.

"అదిగో, ఆ మ్యాప్‌లో. రాజధాని కొండ మీద ఉందన్నారు. సముద్రం ఇటు పక్కనుంది. మరి నది సముద్రం నుంచి రాజధానికి పారుతోందేంటి? మొదటి సీజన్‌లో ఇలా లేదే."

ఆమె సర్వేయర్. కొత్త రోడ్డు వేసే చోటికి ముందుగా వెళ్ళి ఎత్తుపల్లాలు కొలవడం ఆమె ఉద్యోగం. ఆ షాపుకు రావడం అదే మొదలు. కొత్తగా వచ్చినవాళ్ళు వెనక బెంచీ మీద బుద్ధిగా కూర్చుంటారు మామూలుగా. ఈమె వచ్చీ రాగానే నదినే పట్టుకుంది.

ముందు వరసలో ఉన్న మన పళ్ళబ్బాయికి ఒళ్ళు మండింది.

పళ్ళబ్బాయి అంటే పళ్ళు అమ్ముకునేవాడు కాదు. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తాడు. రోజంతా పింక్ రంగు చిగుళ్ళలో ఒక్కో పన్నూ అమర్చడం వాడి పని. మొదటి సీజన్‌లోనే "వెయ్యేళ్ళు బతికిన రాణికి ఒక్క పన్నయినా అరగలేదేంటి?" అని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ పెట్టాడు. అప్పటినుంచీ ఆ పేరు స్థిరపడిపోయింది.

"అది పొగమంచు నదండీ," అన్నాడు. "నీళ్ళ నది కాదు. మంచు పైకి కూడా పోతుంది."

"మంచయితే పడవెందుకండీ?"

మాస్టారు మీసాల చాటున నవ్వుకుని మళ్ళీ బొమ్మ నడిపించాడు.

అలా మొదలైంది.

ఆ సీరియల్ కథేంటో ఒక్క ముక్కలో చెప్పుకోవాలి, లేకపోతే వీళ్ళు దేనికి కొట్టుకున్నారో అర్థం కాదు. ఆ లోకంలో పొగమంచు నది దాటాలంటే పడవవాడికి డబ్బులివ్వనక్కర్లేదు, ఒక జ్ఞాపకం ఇవ్వాలి. ఉత్తరాలు మోసే పిల్ల మూడుసార్లు నది దాటింది. మొదటిసారి వాళ్ళమ్మ పాడిన జోలపాట మర్చిపోయింది. రెండోసారి తను పుట్టిన వీధి. మూడోసారి ఏం మర్చిపోయిందో సీరియల్లో చూపించనే లేదు.

"ఏమీ మర్చిపోలేదు," అనేవాడు పళ్ళబ్బాయి. "పడవవాడు రుసుం వదిలేశాడు. వాడికి ఆ పిల్లంటే ప్రాణం."

"అంటే మనసైనప్పుడల్లా నియమం ఎత్తేస్తాడా? అలాగయితే ఆ నదికి అందరూ ఎందుకు భయపడాలి? ఒక్కసారి నియమం తప్పితే ఆ లోకమే నిలబడదు. ఆ పిల్ల ఏదో మర్చిపోయింది. మనకు చూపించలేదంతే," అనేది సర్వేయర్.

"ఏం మర్చిపోయిందంటారు?"

"పడవవాణ్ణే."

పళ్ళబ్బాయి గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. "అంత మాట ఎలా అనగలిగారండీ?"

"నేనేం చేశాను? మూడోసారి దిగాక వాణ్ణి చూసి ‘ఎవరు మీరు’ అన్నట్టు తలూపింది. కావాలంటే మళ్ళీ వేయించండి."

మళ్ళీ వేయించారు. ఆ తలూపడం పలకరింపని వాడు, పరాయితనమని ఆమె. మాస్టారు పాపం ఆ ఒక్క సీనే తిప్పి తిప్పి వేశాడు. ఆఖరికి రిమోట్ ఆమె చేతిలో పెట్టి, "మీరూ మీరూ తేల్చుకోండి, నేనెళ్ళి టీ పెట్టుకొస్తా," అని లేచిపోయాడు.

ఆ వాదన ఆదివారంతో ఆగేది కాదు. వారమంతా ఫోన్లో సాగేది. వాడికి టైప్ చేసే ఓపిక లేదు, చేతుల నిండా ప్లాస్టర్. అందుకని వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు, ఒక్కొక్కటీ హరికథంత పొడుగు. ఆమె మాత్రం ఒకే ఒక్క ముక్క పంపేది: "ఆధారం?"

ఆ "ఆధారం?" కోసమే వాడు రోజంతా ఫోన్ వంక చూస్తున్నాడన్న సంగతి ముందు కనిపెట్టింది వాళ్ళక్క.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఏ పిల్ల?"

"నువ్వు చెవిలో ఫోన్ పెట్టుకుని ‘నియమం, నియమం’ అంటుంటావే, ఆ పిల్ల."

"అబ్బే, అది సీరియల్ గొడవక్కా."

"సీరియల్ గొడవకి చొక్కా ఇస్త్రీ ఎందుకో?"

వాడు ముద్ద మింగుతూ ఫోన్ తిరగేసి పెట్టాడు. ఆ సర్వేయర్ నవ్వినప్పుడు ఎడమ పక్క ఒక పన్ను పక్కదాని మీదికి కాస్త ఒరిగి కనిపిస్తుంది. వృత్తిరీత్యా చూస్తే దాన్ని సరిచేయాలి. ఎవరైనా దాన్ని సరిచేస్తానంటే మాత్రం వాడు అడ్డం పడుకునేలా ఉన్నాడు. ఇది అక్కకు ఎలా చెప్తాడు?

అసలు చిక్కు వేరే ఉంది. సీరియల్ అయిపోవస్తోంది. ఇంకొక్క ఎపిసోడ్ అయితే ఆదివారాలు ఉండవు. ఎక్కడో హైవే పనుల్లో తిరిగే సర్వేయర్నీ, ప్లాస్టర్ పూసుకుని కూర్చునే వీణ్ణీ కలిపిందల్లా ఆ పొగమంచు ఒక్కటే. అది కాస్తా విడిపోతే ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాడు? ఆఖరి ఎపిసోడ్ చూసి బయటికి రాగానే మనసులో మాట చెప్పేయాలనుకున్నాడు, తాడో పేడో తేలిపోతుందని.

తీరా ఆ ఆదివారం ఆమె రాలేదు.

"పనుందని మెసేజ్ పెట్టిందోయ్," అన్నాడు మాస్టారు. "ఇంట్లో చూసుకుంటుందిలే."

చూశారు. ఆఖర్లో తేలిందేమంటే, మూడోసారి పడవవాడు రుసుం వదల్లేదు. ఆ పిల్ల బదులు తనే కట్టాడు. తన మనసులో ఉన్న ఆ పిల్ల జ్ఞాపకాన్నే నదికిచ్చేశాడు. అంటే నియమమూ తప్పలేదు, ప్రేమా తప్పలేదు. షాపంతా ముక్కులు చీదుకుంటుంటే మాస్టారు లైనింగ్ ముక్కలు పంచాడు.

పళ్ళబ్బాయికి ఇంక ఆగబుద్ధి కాలేదు. షాపు మెట్ల మీద కూర్చుని వాయిస్ మెసేజ్ మొదలెట్టాడు. ఎపిసోడ్‌తో మొదలై అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఏడు నిమిషాలయింది. పంపాడు.

కాసేపటికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఆ వెంటనే ఆమె ఫోటో మాయమైంది. గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయింది. సరిగా వెళ్ళిందో లేదోనని ఒక "హలో" పంపి చూశాడు. దానికి ఒకటే టిక్కు. బ్లాక్ చేసేసింది.

ఆ తర్వాత రెండు వారాలు వాడు మనిషిలా లేడు. ల్యాబ్‌లో ఎవరో పెద్దాయన పళ్ళ సెట్టుకి కోరపన్ను ఉండాల్సిన చోట ముందు పన్ను పెట్టాడు. "ఆయన నవ్వితే నలుగురూ పారిపోతారయ్యా," అని ల్యాబ్ ఓనర్ గసిరాడు.

"వెళ్ళి ఒక్క మాట అడగరాదురా?" అంది అక్క.

"బ్లాక్ చేసిన మనిషిని వెంటపడి అడుగుతారా అక్కా? వద్దంటే వద్దనే. అది కూడా తెలియనివాణ్ణి కాదు."

అక్క వాడి కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.

మూడో ఆదివారం వాన పట్టుకుంది. సీరియల్ అయిపోయింది కదా, తెరా ప్రొజెక్టరూ సర్దడానికి సాయం రమ్మని మాస్టారు పిలిస్తే వెళ్ళాడు. షాపులో ఇద్దరే ఉన్నారు. వీడు స్టూలెక్కి లైనింగ్ గుడ్డ ముడి విప్పుతున్నాడు.

తలుపు తోసుకుని ఆమె వచ్చింది. తడిసి ముద్దయింది. బూట్ల నిండా ఎర్రమట్టి, ఎండకి ముక్కు కమిలిపోయి ఉంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

"ఎవరూ ఒక్క ముక్క మాట్లాడకండి," అంది. "ఆఖరి ఎపిసోడ్ నేనింకా చూడలేదు."

స్టూలు మీద వాడు ముడి వదిలేసి వెనక్కి తిరిగాడు.

"చూడలేదా?" అన్నాడు మాస్టారు.

"ఎక్కడ చూస్తానండీ? ఆ శనివారమే ఉన్నపళంగా జీపెక్కించి కొండరోడ్డు పనికి తోలేశారు. అక్కడ నెట్టూ లేదు, పాడూ లేదు. ఒకే ఒక్క బండరాయి ఎక్కితే కొంచెం సిగ్నల్. ఎక్కానో లేదో ఈయన మెసేజ్ వచ్చి పడింది. ఏడు నిమిషాలు." వాడి వైపు వేలు చూపించింది. "ఈయన ఏడు నిమిషాలు మాట్లాడారంటే పూర్తి కథ చెప్పేసి ఉంటారు. కాలిన గిన్నె ముట్టుకున్నట్టు వదిలేశాను. అందర్నీ బ్లాక్ చేసేశాను, మిమ్మల్ని కూడా మాస్టారూ. ఏమనుకోకండి."

"అందర్నీనా?" అన్నాడు పళ్ళబ్బాయి.

"మా తమ్ముణ్ణి కూడా. వాడూ చూస్తాడు ఈ దిక్కుమాలిన సీరియల్. ఏం, ఎందుకలా చూస్తున్నారు?"

"ఏం లేదు."

హమ్మయ్య. వాడు స్టూలు మీదే కూలబడ్డాడు. గుండెల మీది బండ దిగిపోయింది. ఆమె వాణ్ణి వద్దనలేదు. అసలు విననే లేదు.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. విననే లేదు. అంటే ఆ మెసేజ్ ఇంకా ఆమె ఫోన్లో పదిలంగా ఉంది. తీసేద్దామన్నా గడువు ఎప్పుడో దాటిపోయింది.

"ఇప్పుడు వేస్తారా?" అని ఆమె బెంచీ మీద కూర్చుంది. "మీరందరూ చూసేశారని తెలుసు. కానీ ఇక్కడైతేనే చూస్తానని ఒట్టేసుకున్నాను. పక్కన వాదించే మనిషి లేకపోతే చూసినట్టే ఉండదు."

వాడు విప్పిన ముడి మళ్ళీ వేశాడు.

ఆమె తెర చూసింది, వాడు ఆమెను చూశాడు. పడవవాడు నదిలో చెయ్యి ముంచినప్పుడు ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. అంతా అయ్యాక రిమోట్ అందుకుని బొమ్మ ఆపింది. వాన ఒక్కటే రేకుల మీద మోగుతోంది.

"మనిద్దరం గెలిచాం," అంది. "లేదా ఇద్దరం ఓడిపోయాం. ఉండండి, ఇప్పుడు మీ ఏడు నిమిషాలు వింటాను."

"వద్దులెండి. పాత థియరీ అది. ఇప్పుడేం పనికిరాదు."

"పనికొస్తుందో లేదో నేను చెప్తాను."

నొక్కేసింది. మాస్టారు లోకం చూసినవాడు. బొత్తాల డబ్బా ఏదో వెతుక్కునే నెపం మీద ట్రయల్ రూమ్ కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

వాడి గొంతు వాడికే వినిపించింది. ముందు నియమం, రుసుం, పడవ, అంతా వరసగా వచ్చాయి. ఆ తర్వాత గొంతు తగ్గింది. "...మీరన్నట్టే నియమం తప్పలేదండీ. కానీ ఆ పడవవాడిలా నేను చేయలేను. వాడు ఒక్క మాటా చెప్పకుండా మర్చిపోయాడు. సీరియల్ అయిపోయినందుకు నాకు బెంగ లేదు. వచ్చే ఆదివారం మీరు కనిపించరేమోనని బెంగ. మీరంటే నాకు చాలా ఇష్టం. దీనికి ఆధారం అడగకండి, నా దగ్గర లేదు."

అక్కడితో అయిపోయింది. వాడు చేతిలో ఉన్న లైనింగ్ కొస మెలిపెడుతూ నేల చూశాడు.

"ఇది అన్యాయం," అంది ఆమె.

వాడు లేచి నిలబడ్డాడు. "తప్పయిపోయిందండీ. ఇంకెప్పుడూ..."

"ముగింపు ముందే చెప్పేసే ఇంత పెద్ద స్పాయిలర్ ఎవరైనా ఇస్తారా? కొండ మీద రెండు వారాలు మాటలు కూర్చుకున్నాను. ఆఖరి ఎపిసోడ్ మీ పక్కన కూర్చుని చూసి, అయ్యాక నేను ముందు చెబుదామని. మీరు ఎప్పుడో చెప్పేసి కూర్చున్నారు."

వాడికి ఆ మాట ఒంటబట్టడానికి కొంచెం టైం పట్టింది. పట్టాక, వాడి మొహం చూడాల్సిందే.

"అయినా చెప్పండి," అన్నాడు.

"తెలిసిపోయిన సీనేగా."

"బాగున్న సీను తెలిసినా మళ్ళీ చూస్తాం కదండీ."

ఆమె నవ్వింది. ఆ ఒరిగిన పన్ను కనిపించింది. "నువ్వంటే నాకు ఇష్టం," అంది మెల్లగా. "మళ్ళీ వేయమని అడుగుతావేమో, రిమోట్ నా దగ్గరే ఉంటుంది."

వాడి జేబులో ఫోన్ మోగింది. అక్క. వానలో ఎక్కడున్నావురా, ఎలా ఉన్నావు అని మెసేజ్. వాడు ‘హమ్మయ్య’ అని ఒక్క మాట కొట్టి పంపాడు. వాళ్ళక్కకు అది చాలు.

కర్టెన్ వెనక నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "తెర ఇప్పుడు విప్పాలా, ఉంచాలా?"

"ఉంచండి మాస్టారూ," అన్నారిద్దరూ ఒకేసారి.

"ఆ నది కొండెక్కే సంగతి ఇంకా తేలలేదు," అందామె.